నడిమెద్దు స్థానం

సంస్థల పనితీరును అంకెలతో కొలిచి, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, ఏది ముందుందో ఏది వెనుకబడిందో తేల్చడం ఇప్పుడు గౌరవప్రదమైన వృత్తి. మీలో కొందరు ఆ పనిలోనే ఉన్నారని తెలుసు. మీరు తయారు చేసే వరుసల పట్టికలు పత్రికల్లో చూస్తుంటాను. చూసినప్పుడల్లా నా కళ్లు మొదటి స్థానం మీద గానీ చివరి స్థానం మీద గానీ నిలవవు, నేరుగా మధ్యకు పోతాయి. అక్కడ ఎవరున్నారో చూసి, వాళ్లు క్షేమంగా ఉన్నారని తృప్తిపడి పత్రిక మడిచేస్తాను. ఈ అలవాటును నాకు నేర్పింది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య తిరిగిన ఒక ఎద్దు.

అది కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. ఆంధ్ర రాష్ట్రం అప్పుడే ఏర్పడింది. కార్యాలయాలకు కట్టడాలు చాలక మా విభాగాన్ని ఒక గుడారంలో పెట్టారు. గణితంలో పట్టా పుచ్చుకుని తాత్కాలిక గణాంక సహాయకుడిగా చేరిన నాకు అక్కడ మొదట నేర్పిన విద్య రాళ్లు ఏరడం. తుంగభద్ర వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా కాగితాలు ఎగిరిపోయేవి కనుక ప్రతి దస్త్రం మీదా తగిన బరువుగల రాయి ఉండాలి. సగటుల మీద చిన్న రాయి, అంకెలు సగటు నుంచి ఎంత పక్కకు జరిగాయో చెప్పే విచలనాల మీద పెద్ద రాయి పెట్టాలని మా అధికారి నియమం. విచలనాలు ఎగిరిపోతే సగటులకు అర్థం మిగలదని ఆయన అనేవారు. ఆ మాటలో తప్పు లేదు. ఆయన మాటల్లో విడివిడిగా ఎక్కడా తప్పు ఉండేది కాదు. అన్నీ కలిపినప్పుడే ఏదో జరిగేది.

ఆయన కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు. పనితీరును కొలవడానికి ఒక సూత్రం కనిపెట్టారు. దానిని పరీక్షించడానికి కడప జిల్లాలో ప్రయోగాత్మకంగా తెరిచిన మూడు ఎడ్ల చికిత్సా కేంద్రాలను ఎంచుకున్నారు. ప్రొద్దుటూరులో ఒకటి, జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి. ఆ పేరుతో ఇప్పుడు ఎక్కడా ఏమీ లేవు. జనం వాటిని ఎద్దులాసుపత్రులనేవారు. మూడింటిలోనూ సిబ్బంది సమానం: ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఇద్దరు సహాయకులు. సిబ్బంది సమానమైనప్పుడు సూత్రం ఎంత పొడవుగా ఉన్నా చివరికి తేలేది మూడు నెలల్లో చేసిన చికిత్సల సంఖ్య ఒక్కటే. ఈ సంగతిని నేను మొదటి రోజే గమనించాను. అధికారి కూడా గమనించారు. కానీ సూత్రం పొడవు తగ్గించడానికి ఆయనకు మనసొప్పలేదు.

సూత్రంతో పాటు రెండు ఉత్తర్వుల ముసాయిదాలు కూడా సిద్ధం చేశారు. చివరి స్థానంలో నిలిచిన కేంద్రం అవసరం లేనిది కనుక దానిని మూసివేయాలి. మొదటి స్థానంలో నిలిచిన కేంద్రం సమర్థమైనది కనుక తక్కువ మందితోనూ నడవగలదు. అందువల్ల అక్కడి కాంపౌండరును మిగులుగా ప్రకటించి వెనక్కి పిలవాలి. మధ్య కేంద్రాన్ని గురించి ఆయన ఏమీ రాయలేదు. నేను అడిగితే, మధ్యలో ఉన్నవాటిని గురించి ఎవరూ ఏమీ రాయరని జవాబిచ్చారు.

మొదటి పర్యటనకు నన్ను పంపినప్పుడు నా వెంట ఒక చెక్కపెట్టె వచ్చింది. లోపల చేతితో తిప్పే లెక్కయంత్రం. భాగహారం చేయాలంటే పిడిని తిప్పుతూ పోవాలి. ఇక తీసివేయడానికి ఏమీ మిగలనప్పుడు యంత్రంలో ఒక చిన్న గంట మోగుతుంది, అప్పుడు ఆపాలి. ఎర్రగుంట్లలో రైలు దిగి, బస్సు పైకెక్కించి, దింపి, మళ్లీ ఎక్కించి దానిని ఊరూరా మోశాను.

జమ్మలమడుగు కేంద్రంలో ఆ పెట్టెను చూసి మొదట సంతోషించినవాడు అక్కడి కాంపౌండరు. మిషన్ వారి కాలంలో క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం ఆయనది. వయసు యాభై దాటింది. ఆదివారాలు ప్రార్థనా మందిరంలో హార్మోనియం వాయించేవాడు.

“హార్మోనియమా సార్?” అని అడిగాడు.

లెక్కయంత్రమని చెప్పి పిడి తిప్పి చూపించాను. గరగరమంది. గంట మోగింది. ఆయన చెవి వంచి విని తల ఆడించాడు.

“ఒకటే సొరము,” అన్నాడు. “దీంతో పాట కట్టల్లంటే శానా కష్టం.”

మొదటి మూడు నెలల లెక్కలో ప్రొద్దుటూరు ముందు నిలిచింది. ఆ ఊళ్లో పత్తి బండ్లకూ సరుకు బండ్లకూ కట్టే ఎడ్లు ఎక్కువ. అరిగిన గిట్టలూ పుండుపడిన మెడలూ ఎక్కువే. జమ్మలమడుగు నడుమ నిలిచింది. పులివెందుల చివరన మిగిలింది. ఇది మొదటి కొలత మాత్రమేననీ, రెండో కొలతను బట్టి ఉత్తర్వులు వెలువడతాయనీ మూడు కేంద్రాలకూ నేనే స్వయంగా తెలియజేయాలనీ ఆదేశం.

ప్రొద్దుటూరు డాక్టరు పెద్దాయన, దర్జా మనిషి. మొదటి స్థానం అనగానే నాకు సోడా తెప్పించారు. మిగులు కాంపౌండరు సంగతి చెప్పేసరికి సోడా బుడ్డి ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన దాని వంక చూసిన చూపుకు సగంలో ఆపి బల్ల మీద పెట్టాను. ఆ కేంద్రంలో సూదిమందు వేసేది, కట్టు కట్టేది, ఎద్దు కొమ్ములు పట్టేది, డాక్టరుగారి కళ్లజోడు వెతికేది కాంపౌండరే.

“అంటే బాగా పనిచేసినందుకు నా కుడిచెయ్యి పీకేస్తారన్నమాట,” అన్నారు. “ఇంగ నేను చెడిపోవల్ల. ఎంత చెడిపోవల్లనో చెప్పు నాయనా, లెక్కలు నీకు తెలుసు కదా.”

పులివెందుల డాక్టరు యువకుడు, మితభాషి. మూసివేత మాట విని చికిత్సల పుస్తకం నా ముందుకు జరిపారు. జవాబు చెప్పింది ఆయన గది గుమ్మంలో కూర్చుని ఉన్న ఒక ముసలి రైతు. పల్లె మనిషి, మెట్ట సేద్యం. అతనికి మొదట జత ఎడ్లుండేవి. పులివెందులలో కేంద్రం తెరవకముందు ఒక ఎద్దుకు గొంతువాపు వస్తే జమ్మలమడుగు ఆసుపత్రికని నడిపించుకుపోయాడట. ముద్దనూరు దాటకముందే అది దారిలో పడి చనిపోయింది. మిగిలిన ఒంటెద్దుకు తోడుగా పొరుగువాడి ఎద్దును బదులు తెచ్చుకుని దున్నుకుంటున్నాడు. ఈ కేంద్రం పోతే ఈ ఎద్దుకూ అదే దారి.

“మా ఆసుపత్రికి అంకె తక్కువైందంట కదప్పా,” అన్నాడు నాతో. “నా ఎద్దును రాసుకోండి.”

ఎద్దుకు ఏమిటి జబ్బు అని డాక్టరు అడిగారు.

“ఏమీ లేదు. బాగుండాది. అంకె కోసరం తోలుకొచ్చినా.”

డాక్టరు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. సాధారణ బలహీనత అని రాసి, ఎద్దుకు పావుశేరు బెల్లం తినిపించి పంపారు. సూత్రం ప్రకారం అది చికిత్సే.

తిరుగు దారిలో జమ్మలమడుగులో ఆగాను. అక్కడి డాక్టరు సెలవు మీద ఉండగా కాంపౌండరే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. తమది మధ్య స్థానమనీ, తమ మీద ఏ ఉత్తర్వూ లేదనీ విని చాలాసేపు నవ్వాడు. ఆ ప్రాంతంలో కళ్లం తొక్కించేటప్పుడు ఎడ్లను వరుసగా, పక్కపక్కన, ఒకే పగ్గానికి కట్టి, నడిమి గుంజ చుట్టూ తిప్పుతారు. దానిని బంతి కట్టడమంటారు. ఆయన దానిని నాకు వివరించాడు.

“గుంజ పక్కన ఎద్దుకు తిరిగి తిరిగి తల దిమ్మెక్కుతాది సార్. బయటి ఎద్దు అందరికంటే ఎక్కువ దూరం నడవల్ల, సెలకోల దెబ్బలు దానికే. నడిమెద్దును చూడు. గడ్డి తింటా పోతాది. దాన్ని ఎవురూ చూడరు. మీ ఆఫీసరుకు ఇది తెలిసి రాసినాడో, తెలియక రాసినాడో గానీ, ఇంగ చూడు, అందురూ నడిమికే వస్తారు.”

అలాగే జరిగింది. రెండో కొలత మొదలైన నాటి నుంచి మూడు కేంద్రాలూ మధ్య స్థానం కోసం పోటీపడ్డాయి. ముందుకు పోవడానికి పోటీపడేవాళ్లను నేను తర్వాత ఎందరినో చూశాను. ఇంత నేర్పు, ఇంత చెమట వాళ్లెవరిలోనూ చూడలేదు. ప్రొద్దుటూరు డాక్టరు తన దగ్గరకు వచ్చిన ఎడ్లకు చీటీలు రాసి, పులివెందుల గాలి గిట్టలకు మంచిదని చెప్పి అక్కడికి పంపసాగారు. కొద్దివారాల్లో పులివెందుల అంకె ఎంత పెరిగిందంటే, మూతపడుతుందని బెంగపెట్టుకున్న ఆ యువకుడు ఇప్పుడు మొదటి స్థానం వస్తుందేమోనని బెంగపెట్టుకుని, వచ్చిన ఎడ్లను జమ్మలమడుగు పంపించాడు. జమ్మలమడుగు, నడుమ హాయిగా ఉన్నది కాస్తా ముందుకు తోసుకొచ్చి, తన ఎడ్లను ప్రొద్దుటూరు పంపించింది. ఎడ్లు ఒక త్రిభుజం చుట్టూ తిరుగుతున్నాయి. త్రిభుజం నడుమ గుంజ లేదు గానీ, కర్నూలు గుడారంలో మా అధికారి ఉన్నారు.

నెలకోసారి అంకెలు తీసుకోవడానికి బస్సులో వెళుతుంటే దారిలో ఒకే ఎద్దు కనిపించేది. ఒకసారి ఎర్రగుంట్ల దగ్గర, ఇంకోసారి జమ్మలమడుగు పొలిమేరలో, మరోసారి పులివెందుల దారిలో. పక్కన తలపాగాతో అదే ముసలి రైతు. చివరికి ఒకచోట బస్సు టైరు మార్చుతుండగా దిగి పలకరించాను. ప్రతి డాక్టరూ ఇంకో డాక్టరు దగ్గరకు చీటీ రాసి పంపుతున్నారనీ, పెద్ద పెద్ద డాక్టర్లు ఇంత శ్రద్ధ తీసుకోవడం తానెన్నడూ చూడలేదనీ చెప్పాడు. ఇప్పుడు ఎద్దుకు జబ్బేమిటని అడిగాను.

“మొదుట్లో ఏమీ లేదప్పా. ఇప్పుడు కాలు ఈడుస్తాంది. ఇంత నడిస్తే ఈడవదా? అయినా మా ఆసుపత్రి నిలబడల్ల కదా.”

ఇది చూసి ఒక కొలిక్కి తెచ్చినవాడు జమ్మలమడుగు కాంపౌండరు. మిగిలిన రెండు కేంద్రాలకూ కబురు పంపాడు. ముగ్గురూ నడిమెద్దులు కావాలంటే ఒకటే దారి: మూడు అంకెలూ ఒకటే కావాలి. ఎడ్లను దారి పట్టించడం మాని, ముగ్గురూ ఒకే సంఖ్య దగ్గర ఆగుదాం. ఈ ప్రతిపాదన గురించి నా అభిప్రాయం అడిగితే, మూడు సంఖ్యలు సమానమైనప్పుడు ప్రతి సంఖ్యా మధ్యస్థమే అవుతుందని శాస్త్రం చెబుతుందన్నాను. అడిగినదానికి జవాబు చెప్పడం నా విధి.

కొలత ముగిసే చివరి రోజున అంకెలు అప్పగించడానికి ముగ్గురు డాక్టర్లూ ముద్దనూరు రైలు స్టేషనుకు వచ్చారు. జమ్మలమడుగు డాక్టరు వెంట కాంపౌండరూ వచ్చాడు. అక్కడి నుంచే నేను కర్నూలు వెళ్లే బండి పట్టుకోవాలి. మూడు అంకెలూ చూశాను. కడపటి అంకె వరకూ సమానం. ప్రొద్దుటూరు డాక్టరుగారు నాకు మళ్లీ సోడా తెప్పించారు. ఈసారి పూర్తిగా తాగాను.

అప్పుడే వాకిట్లో గోల వినిపించింది. ఎడ్లను పంపడం మానకముందు రాసిన చీటీతో ప్రొద్దుటూరు నుంచి తిరిగి ఇంటికి పోతున్న మన రైతు ఎద్దు, రైలు గేటు దగ్గర, రోడ్డుకు సరిగ్గా నడుమ కూలబడింది. ఈసారి నిజంగానే జబ్బు చేసింది. నోటి వెంట నురగ, గిట్టలు అరిగి రక్తం, కళ్లు తేలవేసింది. రైతు దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి ఎద్దు పోయింది కూడా ఈ చుట్టుపక్కలనే.

ముగ్గురు డాక్టర్లూ మందుల సంచులతో పరిగెత్తి వెళ్లి, ఎద్దు చుట్టూ నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ వంగలేదు. కారణం నాకు అర్థమైంది. ముట్టుకున్నవారి అంకె ఒకటి పెరుగుతుంది. ఆ కేంద్రం మొదటిదవుతుంది, దాని కాంపౌండరు పోతాడు. మిగిలిన రెండూ చివరివవుతాయి, రెండూ మూతపడతాయి. ఆ ఒక్క ఎద్దుకు మందు వేస్తే మూడు తాలూకాలు దెబ్బతింటాయి.

“ముద్దనూరు మీ వైపే కదా,” అన్నారు ప్రొద్దుటూరు డాక్టరు, జమ్మలమడుగు డాక్టరుతో.

“ఎద్దు పులివెందులది,” అన్నాడాయన.

“చీటీ ప్రొద్దుటూరుది,” అన్నాడు పులివెందుల యువకుడు. నేను విన్నంతలో ఆయన పలికిన మొదటి వాదన అది.

రైతు తల ఎత్తి ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. “ముగ్గురు డాక్టర్లు నిలబడుండారు. నా ఎద్దుకు నీళ్లు కూడా పొయ్యరా? అది మీకోసరం తిరిగిందే కానీ, దానికేం రోగముండె?”

అందరూ నా వైపు తిరిగారు. గేటు మూయడానికి వీల్లేక గేటుమనిషి కూడా నా వైపే చూస్తున్నాడు. దూరంగా నా బండి కూత వినిపిస్తోంది. నేను సంచిలో నుంచి నియమాల కాగితం తీసి చదివాను. లెక్కకు రావలసింది ఎద్దు అని లేదు, చికిత్స అని ఉంది. ఒక ఎద్దుకు ఒకటికి మించి జబ్బులుంటే ఒక్కో చికిత్సా ఒక్కోటిగా చెల్లుతుంది. దానిని పైకి చదివాను.

కాంపౌండరుకే ముందు వెలిగింది. “అయితే ముగ్గురికీ తలా ఒక రోగం కావల్ల,” అన్నాడు.

గిట్టల గాయాలను ప్రొద్దుటూరు వారు తీసుకున్నారు. వడదెబ్బను పులివెందుల వారు. జమ్మలమడుగుకు రోగం మిగల్లేదు. ఒక ఎద్దును ముగ్గురు పశువైద్యులు అంత నిశితంగా పరీక్షించడం ఆ జిల్లా చరిత్రలో జరిగి ఉండదు. ముక్కుపుటాలు, నాలుక కింద, తోక మొదలు, కొమ్ముల సందు అన్నీ వెతికారు. ఎంత వెతికినా మిగిలిన ఒళ్లంతా ఆరోగ్యంగా ఉంది. మూడు నెలలుగా మూడు ఆసుపత్రుల్లో వైద్యం పొందిన ఎద్దు మరి. చివరికి కాంపౌండరు ఎడమ చెవిలో ఒక పిడుదును కనిపెట్టాడు.

రైతుకు కోపం వచ్చింది. “నా ఎద్దుకు పిడుదులా? దినామూ కడుగుతా. అది పిడుదు కాదు, పుట్టుమచ్చ.”

“పిడుదే అనుకో మామా,” అన్నాడు కాంపౌండరు మెల్లగా. “పిడుదు అయితే ఆసుపత్రి ఉంటాది. మచ్చ అయితే పోతాది.”

రైతు ఎద్దు చెవి వంకా, పులివెందుల డాక్టరు వంకా చూశాడు. “అయితే పిడుదే,” అన్నాడు. “కానీ మా ఊర్లో చెప్పొద్దండి.”

ముగ్గురూ ఒకేసారి వంగారు. ఒకరు గిట్టలకు కట్టు కట్టారు, ఒకరు తల మీద నీళ్లు పోసి మందు పట్టారు, ఒకరు చెవిలో నూనె చుక్క వేశారు. కొంతసేపటికి ఎద్దు లేచి, రోడ్డు దిగి, గేటుమనిషి పెంచుకుంటున్న తోటకూర తినసాగింది. మూడు అంకెల మీదా ఒక్కొక్కటి కలిపి నేను బండెక్కాను.

గుడారంలో జరిగింది క్లుప్తంగా చెబుతాను. ప్రతి కేంద్రం సగటు నుంచి ఎంత దూరంలో ఉందో తీసుకుని, దానిని ప్రామాణిక విచలనంతో భాగించాలి. అప్పుడే స్థానం తేలుతుంది. మూడు అంకెలూ ఒకటే కనుక సగటూ అదే, సగటు నుంచి దూరం సున్న, విచలనమూ సున్న. సున్నను సున్నతో భాగించాలి. అది కుదరదని నేను విన్నవించాను. మూడు సంస్థలు సమానంగా ఉండటం ప్రకృతిలో లేదనీ, యంత్రమే నిజం చెబుతుందనీ మా అధికారి అన్నారు. అటెండరును పిలిచి, గంట మోగేదాకా పిడి తిప్పమన్నారు.

అతను తిప్పాడు. సున్న నుంచి సున్నను ఎన్నిసార్లు తీసివేసినా ఇంకా తీసివేయవచ్చు కనుక గంట మోగదు. భోజనాల వేళ దాటింది. గుడారమంతా గరగర. రెండు చేతులూ మార్చి మార్చి తిప్పి, చివరికి కాలితో తిప్పవచ్చా అని అడిగాడు.

“ఇంగెంతసేపు తిప్పల్ల సార్?” అన్నాడు నాతో, అధికారికి వినపడకుండా. “లోపల గంట ఉండాదా అసలు?”

సాయంత్రానికి గంట మోగింది. అది కార్యాలయం మూసే గంట. మర్నాడు మళ్లీ మొదలుపెట్టారు. ఆ భాగహారం పూర్తికాకముందే ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని హైదరాబాదుకు మారింది. గుడారం విప్పారు. పెద్ద రాయి తీసిన క్షణంలో విచలనాలు ఎటు ఎగిరిపోయాయో ఎవరూ చూడలేదు. ఉత్తర్వుల ముసాయిదాలు ముసాయిదాలుగానే మిగిలాయి. మూడు కేంద్రాలూ యథాతథంగా నడిచాయి.

హైదరాబాదులో కొత్త సంఘం ఒకటి మా అధికారి సూత్రాన్ని మెచ్చుకుని, దానితో ముందుగా మా విభాగాన్నే మరో రెండు విభాగాల పక్కన పెట్టి కొలిచింది. కొలిచింది నివేదికల సంఖ్య. ఎడ్ల కేంద్రాల నివేదిక ఎందుకు పూర్తి కాలేదో వివరిస్తూ మా అధికారి అప్పటికే రాసిన నివేదికల బలం వల్ల మేము మిగిలిన ఇద్దరికీ అందనంత ముందు నిలిచాం. అంత సమర్థమైన విభాగం తక్కువ మందితోనూ నడవగలదు కనుక నన్ను మిగులుగా ప్రకటించారు. పంటల గణాంకాల గుమాస్తాగా పులివెందులకు వేశారు.

పెట్టే బెడ్డింగుతో బస్సు దిగిన మధ్యాహ్నం, చికిత్సా కేంద్రం నుంచి వస్తూ ఆ రైతు ఎదురయ్యాడు. పక్కన ఎద్దు. కాలు ఈడవడం లేదు. గుర్తుపట్టి, కర్నూలు వదిలి ఈడికేం వచ్చినావని అడిగాడు. మొదటి స్థానం వచ్చిందని చెప్పాను. అతను జాలిగా చూశాడు.

“అయితే బయటెద్దువైనావు,” అన్నాడు.

నా బెడ్డింగు తీసి ఎద్దు వీపు మీద వేశాడు. ఎద్దును ఒక పక్కకు నెట్టి, తాను రెండో పక్కకు జరిగి, “రాప్పా, నడిమికి రా,” అన్నాడు. ఊళ్లోకి అలాగే నడిచి వెళ్లాం.